అందరికీ ఉంది, నాకే లేదు

పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వినపడే మాట ఇది. మా ఇంట్లో మొదటిసారి గట్టిగా వినపడింది 2010లో. అప్పటికి మేం తెనాలి నుంచి మెల్‌బోర్న్ వచ్చి ఏడేళ్ళయింది. పడమటి శివార్లలో, వెరిబీలో ఉండేవాళ్ళం. మా అబ్బాయికి పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి. ఓ రాత్రి అన్నాల దగ్గర కూర్చుని, కంచంలోకి చూస్తూ, 220 డాలర్ల బూట్లు కావాలన్నాడు.

వెంటనే నేను తెలుగు తల్లులందరూ చేసే పనే చేశాను. ఉపన్యాసం మొదలుపెట్టాను. మా నాన్న ఏడాదికి ఒక్క జత చెప్పులు కొనిచ్చేవారనీ, అవి తెగితే బజార్లో కుట్టించుకుని వేసుకునేవాళ్ళమనీ, 220 డాలర్లంటే ఇండియాలో ఎన్ని వేల రూపాయలో లెక్కకట్టుకోమనీ చెప్పాను. ఆ బూట్లు వేసుకుంటే గాల్లో ఎగురుతారని టీవీలో చూపిస్తే నమ్మేయడమేనా, బుద్ధుండక్కర్లేదా అని కూడా అన్నాను.

వాడు అంతా విని, నెమ్మదిగా అన్నాడు. "అవి వేసుకుంటే ఎగరనని నాకూ తెలుసమ్మా. వేసుకోకపోతే వాళ్ళతో కూర్చోలేను."

నాకు నోట మాట రాలేదు. వాడు ప్రకటనని నమ్మి మోసపోతున్నాడని నేననుకుంటున్నాను. వాడు మోసపోలేదు. భోజనాల బల్ల దగ్గర తనకో చోటు కొనుక్కుందామనుకుంటున్నాడు. దాని ధర 220 డాలర్లు.

ఆ తరవాత ఇన్నేళ్ళుగా ఈ విషయం గురించి చదువుతూ, ఆదివారం తెలుగు బడిలో పెద్ద పిల్లల తరగతికి పాఠాలు చెబుతూ, తప్పులు చేస్తూ దిద్దుకుంటూ తెలుసుకున్న కొన్ని సంగతులు ఇక్కడ రాస్తున్నాను. నేను మనస్తత్వ శాస్త్రవేత్తని కాను. ఒక పిల్లవాణ్ణి పెంచిన తల్లిని, అంతే.

ప్రకటన అమ్మేది వస్తువుని కాదు

ప్రకటన అంటే అబద్ధం అని పిల్లలకి చెప్పేస్తే సులువుగానే ఉంటుంది. కానీ అది నిజం కాదు. చాలా ప్రకటనల్లో అబద్ధం ఉండదు, చట్టం ఊరుకోదు కనక. ఆస్ట్రేలియాలో 2011 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల చట్టం ప్రకారం, వ్యాపారంలో జనాన్ని తప్పుదోవ పట్టించడం చట్టవిరుద్ధం. అందుకని నేర్పున్నవాళ్ళు అబద్ధం చెప్పరు. నిజాన్నే, మనకి మరోలా వినపడేటట్టు చెబుతారు.

దీనికి నేను తరగతిలో చెప్పే మొదటి ఉదాహరణ న్యూరోఫెన్. నొప్పి మాత్రలు. నడుం నొప్పికి ఒక డబ్బా, మైగ్రేన్‌కి ఒకటి, ఒత్తిడితో వచ్చే తలనొప్పికి ఒకటి, నెలసరి నొప్పికి ఒకటి, ఇలా నాలుగు రకాలు వేరు వేరు రంగుల్లో దుకాణాల్లో ఉండేవి. నాలుగింటిలోనూ ఉన్నది ఒకటే మందు, ఒకే మోతాదులో: 342 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ లైసిన్. మామూలు డబ్బా కన్నా వీటి ధర దాదాపు రెట్టింపు. వినియోగదారుల కమిషన్, అంటే ఏసీసీసీ, ఈ వ్యవహారాన్ని కోర్టుకి తీసుకెళ్ళింది. అది తప్పుదోవ పట్టించడమేనని 2015 డిసెంబరులో ఫెడరల్ కోర్టు తేల్చింది. మొదట 17 లక్షల డాలర్లు జరిమానా వేశారు. అది చాలదని కమిషన్ అప్పీలుకి వెళ్తే 2016 చివర్లో 60 లక్షల డాలర్లకి పెంచారు.

ఈ కథ చెప్పి పిల్లల్ని అడుగుతాను, "మందు పనిచెయ్యదా?" అని. "పనిచేస్తుంది ఆంటీ" అంటారు. "మరి మోసం ఎక్కడుంది?" అంటే కాసేపు ఆలోచించి, "డబ్బా మీద ఉంది" అంటారు. సరిగ్గా అదే. మాత్ర నడుం దగ్గరకి దారి వెతుక్కుంటూ వెళ్తుందని ఆ బొమ్మ మనకి అనిపింపజేసింది.

రెండో కథ పిల్లలకి ఇంకా ఇష్టం, ఎందుకంటే అందులో గెలిచింది పిల్లలే. 2004లో న్యూజీలాండ్‌లో, ఆక్లండ్‌లోని పకురంగా కాలేజీలో చదివే 14 ఏళ్ళ అమ్మాయిలిద్దరు సైన్సు ప్రాజెక్టు కోసం పళ్ళరసాల్లో సి విటమిన్ ఎంతుందో కొలిచారు. చవక రకాల్లో తక్కువా, పేరున్న రైబీనాలో ఎక్కువా ఉంటుందని వాళ్ళు అనుకున్నారు. తీరా చూస్తే తాగడానికి సిద్ధంగా అమ్మే రైబీనాలో దాదాపు ఏమీ కనపడలేదు. తామే ఎక్కడో పొరబాటు చేశామనుకుని మళ్ళీ చేశారు. అదే ఫలితం. కంపెనీకి చెబితే పట్టించుకోలేదు. ఆఖరికి విషయం టీవీకీ, అక్కడి కామర్స్ కమిషన్‌కీ చేరింది. డబ్బా మీద 100 మిల్లీలీటర్లకి 7 మిల్లీగ్రాములని రాసి ఉంటే, కమిషన్ పరీక్షల్లో కొలవగలిగినంత కూడా లేదని తేలింది. 2007 మార్చిలో గ్లాక్సోస్మిత్‌క్లైన్ కంపెనీ 15 ఆరోపణలకి నేరం ఒప్పుకుంది. 2 లక్షల 17 వేల 500 న్యూజీలాండ్ డాలర్లు జరిమానా కట్టింది.

ఇందులో ఓ చిత్రం ఉంది. కంపెనీ ప్రకటన, నల్లద్రాక్షలాంటి బ్లాక్‌కరెంట్ పళ్ళలో నారింజ కన్నా నాలుగు రెట్లు సి విటమిన్ ఉంటుందని చెప్పింది. పండు సంగతి వాళ్ళు చెప్పారు, డబ్బా సంగతి మనం ఊహించుకున్నాం.

మూడో కథ చేతికి వేసుకునే రబ్బరు పట్టీలది. 2010 ప్రాంతంలో పవర్ బ్యాలెన్స్ అని, మధ్యలో మెరిసే హోలోగ్రాం ఉన్న పట్టీలు తెగ అమ్ముడుపోయాయి. పెట్టుకుంటే బలం, ఒంటి నిలకడ, ఒడుపు పెరుగుతాయని చెప్పేవారు. పేరున్న ఆటగాళ్ళు పెట్టుకున్నారు. వాళ్ళని చూసి బళ్ళో పిల్లలు పెట్టుకున్నారు. 2010 డిసెంబరులో, తమ మాటలకి నమ్మదగిన శాస్త్రీయ ఆధారం లేదని ఆస్ట్రేలియాలో ఆ కంపెనీయే ఏసీసీసీ ముందు ఒప్పుకుని, డబ్బు వాపసు ఇస్తామంది. అప్పుడు మనవాళ్ళలో ఒకాయన, "మన తాయెత్తు కూడా ఇంత ఖరీదు లేదే" అని నవ్వించారు. నిజమే. అయితే తాయెత్తు కట్టేవాడికి టీవీలో ప్రకటన ఇచ్చే స్తోమత ఉండేది కాదు.

తెలుగులో చెప్పి చూడండి

మా తరగతిలో ఒక ఆట ఉంది. పిల్లలు వారంలో తమకి నచ్చిన ప్రకటన ఒకటి పట్టుకొస్తారు. దాన్ని తెలుగులో, నాయనమ్మకి చెబుతున్నట్టు చెప్పాలి. అసలు ఈ ఆట తెలుగు మాటలు నేర్పడానికి మొదలుపెట్టాను. తీరా చూస్తే దాని లాభం మరోచోట కనపడింది.

ఇంగ్లీషులో మెరుస్తూ వినపడే వాక్యం తెలుగులో చెప్పగానే బోసిపోతుంది. డెబ్బై శాతం తగ్గింపు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని ముందు ఎక్కడో చిన్నగా ఓ మాట ఉంటుంది. తెలుగులో చెప్పాలంటే ఆ మాట తప్పించుకోలేం: "డెబ్బై శాతం వరకు." నాయనమ్మ వెంటనే అడుగుతుంది, "వరకు అంటే ఎంతే?" అని. "9 డాలర్ల నుంచి" అంటే "నుంచి ఎంత దాకా?" అంటుంది. "చర్మం మెరుస్తున్నట్టు కనపడటానికి తోడ్పడవచ్చు" అంటే "తోడ్పడకపోవచ్చు కూడానా?" అంటుంది. పది మందిలో తొమ్మిది మంది మెచ్చారంటే "ఆ పది మంది ఎవరు?" అంటుంది. మన నాయనమ్మలకి మార్కెటింగు తెలియదు గానీ, సంతలో వంకాయలు బేరమాడటం తెలుసు.

ఆ ఆటలోంచి మేం నాలుగు ప్రశ్నలు తయారు చేసుకున్నాం. ఇది నాకు చూపించడానికి డబ్బు ఎవరిచ్చారు? నిజంగా అన్న మాట ఏమిటి, నేను ఊహించుకున్నది ఏమిటి? చెప్పకుండా వదిలేసింది ఏమిటి? ఇది చూశాక నాకు దేనికి లోటనిపించాలని వాళ్ళ కోరిక?

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ప్రకటన చూడకముందు మన మొటిమ మొటిమే. చూశాక అది ఒక సమస్య. మందు అమ్మేవాడు ముందు జబ్బు అమ్మాలి.

మొదటి ప్రశ్న ఒకప్పుడు తేలిక. టీవీలో కార్యక్రమం ఆగి ప్రకటన వచ్చేది. ఇప్పుడు ఆ గీత చెరిగిపోయింది. ఫోనులో ఎవరో అమ్మాయి తన గదిలో కూర్చుని, స్నేహితురాలికి చెబుతున్నట్టు ఓ క్రీము గురించి చెబుతుంది. ఆ క్రీము ఆమెకి ఊరికే వచ్చిందో, చెప్పినందుకు డబ్బు కూడా వచ్చిందో మనకి తెలియదు. ఏసీసీసీ 2023లో 118 మంది ఇలాంటి ఇన్‌ఫ్లుయెన్సర్ల పేజీలు పరిశీలిస్తే, 81 శాతం మంది పోస్టులు తప్పుదోవ పట్టించేలా ఉన్నాయని అనుమానించవలసి వచ్చింది. ప్రకటన స్నేహితురాలి గొంతు అరువు తెచ్చుకుందన్నమాట. ప్రకటనకీ స్నేహితుల ఒత్తిడికీ మధ్య ఉన్న గోడ ఇక్కడే కూలిపోయింది.

ఇంట్లో అందరూ కలిసి చూడదగ్గ కార్యక్రమం ఒకటుంది. ఏబీసీ టీవీలో 2008లో గ్రూయెన్ ట్రాన్స్‌ఫర్ అనే పేరుతో మొదలైంది, తరవాత గ్రూయెన్ అని కుదించారు. ప్రకటనలు తయారుచేసేవాళ్ళే కూర్చుని, అవి మనమీద ఎలా పనిచేస్తాయో నవ్విస్తూ విప్పి చెబుతారు. ఆ పేరు షాపింగు మాల్స్ రూపకర్త విక్టర్ గ్రూయెన్‌ది. మాల్‌లో అడుగుపెట్టాక, వచ్చిన పని మరచిపోయి ఊరికే తిరగడం మొదలుపెట్టే క్షణానికి ఆయన పేరు పెట్టారు. పాల డబ్బా కోసం వెళ్ళి బండి నిండా సామాను తెచ్చుకునే మనందరికీ ఆ క్షణం పరిచయమే.

పక్కన నలుగురుంటే

ఇక మా అబ్బాయి చెప్పిన రెండో సగానికి వస్తాను. ప్రకటనలోని కిటుకు తెలిసినంత మాత్రాన పిల్లలు ఆగరు. ఎందుకని?

1951లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఓ ప్రయోగం ప్రచురించాడు. ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానితో సమానమైనది ఏదో చెప్పమన్నాడు. చిన్న పిల్లలు కూడా చెప్పగలిగేంత తేలిక. కానీ గదిలో ఒక్కడు తప్ప మిగతావాళ్ళంతా ఆష్ మనుషులే. వాళ్ళందరూ కావాలని ఒకే తప్పు జవాబు చెప్పేవారు. దాదాపు మూడొంతుల మంది కనీసం ఒక్కసారైనా, కళ్ళెదుట కనపడుతున్నదాన్ని కాదని, గుంపుతో కలిసి తప్పు జవాబు చెప్పారు. వాళ్ళు కాలేజీ విద్యార్థులు, పక్కన ఉన్నవాళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళు. మరి పక్కనున్నది రోజూ కలిసి తినే స్నేహితులైతే?

ఆ ప్రయోగంలో మరో ముక్క ఉంది. దాన్ని తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాలి. గుంపులో ఒక్కడు నిజం చెబితే చాలు, గుంపుకి లొంగడం బాగా తగ్గిపోయింది. ధైర్యానికి పది మంది అక్కర్లేదు, ఒక్కరు చాలు.

2005లో టెంపుల్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ ఇంకో సంగతి చూపించారు. కారు నడిపే కంప్యూటర్ ఆట ఆడించారు. ఒంటరిగా ఆడినప్పటికన్నా స్నేహితులు చూస్తున్నప్పుడు 13 నుంచి 16 ఏళ్ళ పిల్లలు దాదాపు రెట్టింపు సాహసాలు చేశారు. 24 ఏళ్ళు దాటినవాళ్ళలో ఆ తేడా లేదు. అంటే మన పిల్లవాడికి బుద్ధి లేక కాదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఉన్న బుద్ధి, నలుగురిలో ఉన్నప్పుడు కొంచెం పక్కకి తప్పుకుంటుంది. ఆ వయసే అంత.

ఇది మన చట్టాలు చేసేవాళ్ళకీ తెలుసు. విక్టోరియాలో 2008 నుంచి, ఎర్ర పీ ప్లేటుతో కారు నడిపేవాళ్ళు 16 నుంచి 22 ఏళ్ళ లోపు వయసున్న ప్రయాణికుణ్ణి ఒక్కణ్ణే ఎక్కించుకోవాలి. తోబుట్టువులకి మినహాయింపు ఉంది. కుర్రవాడు నడపలేడని కాదు, వెనక సీట్లో ముగ్గురు స్నేహితులుంటే నడిపేది వాడొక్కడే కాదని.

మన పిల్లలకి దీనిపైన ఇంకో బరువు ఉంటుంది. వాళ్ళ పేరు టీచరు నోట్లో తిరగదు. డబ్బాలో పులిహోర తీస్తే పక్కవాడు ముక్కు మూసుకుంటాడు. ఒంటి రంగు వేరు. ముందే సగం బయట ఉన్నామనుకునే పిల్లలకి, లోపలికి రావడానికి ఎంత ధరైనా ఎక్కువనిపించదు. తెనాలిలో నేను కుట్టించిన చెప్పులు వేసుకుని బడికి వెళ్ళగలిగానంటే నా గుండె నిబ్బరం కాదు. మా క్లాసులో అందరివీ కుట్టించిన చెప్పులే.

పెరుగు తోడేశావా?

వద్దని చెప్పడం నేర్పాలి అని అందరం అంటాం. ఎలా చెప్పాలో మాత్రం ఎవరం నేర్పం. పాట పాడించినట్టు, పద్యం వల్లె వేయించినట్టు దీన్ని కూడా సాధన చేయించాలి. మా తరగతిలో చిన్న నాటికలా ఆడిస్తాను. ఒకరు వేప్ ఇస్తారు, ఇంకొకరు వద్దనాలి. మొదట్లో పిల్లలు పడీ పడీ నవ్వుతారు. మూడోసారికి వాళ్ళకే తెలుస్తుంది, పెద్ద పెద్ద కారణాలు చెబితే వాదన పెరుగుతుందని. "వద్దులే, నాకు నచ్చదు" అని మాట మార్చేయడం అన్నిటికన్నా బాగా పనిచేస్తుందని.

ఇంకో దారి, నింద తల్లిదండ్రుల మీద వెయ్యనివ్వడం. "మా అమ్మ రాక్షసి, వాసన పట్టేస్తుంది" అని చెప్పుకోమని మా అబ్బాయికి నేనే అనుమతి ఇచ్చాను. రాక్షసినైతే పోయేదేముంది?

మా ఇంట్లో ఒక సంకేతం కూడా పెట్టుకున్నాం. వాడు ఎక్కడున్నా "పెరుగు తోడేశావా?" అని ఫోనులో మెసేజీ పంపితే, నేను వెంటనే ఫోన్ చేసి, కోపంగా, ఇప్పుడే ఇంటికి రమ్మనాలి. వచ్చి తీసుకెళ్ళాలి. దారిలో ఒక్క ప్రశ్న వెయ్యకూడదు. ఆఖరి షరతు వాడిది. ఒప్పుకోవడం నాకు చాలా కష్టమైంది.

2014లో ఓ శనివారం రాత్రి పదకొండున్నరకి ఆ మెసేజీ వచ్చింది. వాడికి అప్పుడు పదిహేడు. ఎవరిదో పుట్టినరోజు. ఫోన్ చేసి నా పాత్ర నేను పోషించాను. "మా అమ్మ ఒప్పుకోదురా" అని వాడు పక్కవాళ్ళతో గట్టిగా అనడం వినపడింది. నేను వెళ్ళేసరికి గేటు దగ్గర ముగ్గురున్నారు. మా వాడూ, ఇంకో ఇద్దరూ. "వీళ్ళని కూడా దింపుదామా అమ్మా?" అన్నాడు. దారిలో ఎవరూ మాట్లాడలేదు. ప్రశ్న వెయ్యనన్న మాటకి నాలుక కొరుక్కుని కూర్చున్నాను.

నెల తరవాత వాడే చెప్పాడు. కొత్తగా పీ ప్లేటు వచ్చిన కుర్రవాడు, తాగినవాడు, అందర్నీ బీచికి తీసుకెళ్తానన్నాడట. వెళ్ళనని అనడానికి ఎవరికీ నోరు రాలేదు. మావాడు అమ్మ మీద పెట్టి లేచాక మరో ఇద్దరు లేచారు. ఆ కారు ఆ రాత్రి క్షేమంగానే తిరిగొచ్చింది. అయినా ఆ మెసేజీ గుర్తొస్తే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

అన్ని కథలూ ఇలా అనుకూలంగా ఉండవు. ఓ ఆదివారం నాటిక అయ్యాక ఒక అమ్మాయి ఆగి, "ఆంటీ, వద్దంటే వాళ్ళు నాతో మాట్లాడటం మానేశారు. ఇప్పుడేం చెయ్యాలి?" అంది. నా దగ్గర జవాబు లేదు. కొన్నాళ్ళు ఒంటరిగా తినాల్సి రావచ్చనీ, అది నిజంగా బాధేననీ చెప్పాను. వాళ్ళమ్మకి చెప్పమన్నాను. తరగతిలో ఇంకో అమ్మాయిది అదే బడి అని తెలిసి ఇద్దర్నీ కలిపాను. కాదనడానికి ఖరీదు ఉందని పిల్లలకి ముందే చెప్పకపోతే, ఆ ఖరీదు కట్టవలసి వచ్చిన రోజున మనం అబద్ధం చెప్పామనుకుంటారు.

ఈ దేశం చేసిన యుద్ధం

పిల్లలకి ఓ చరిత్ర కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి జనం ప్రకటనల మీద గట్టిగానే పోరాడారు. టీవీలో, రేడియోలో సిగరెట్ ప్రకటనలు 1976లో ఆగిపోయాయి. అయినా రోడ్ల పక్క పెద్ద బోర్డులు మిగిలాయి. 1979లో సిడ్నీలో బుగా అప్ అనే బృందం బయల్దేరింది. రాత్రిళ్ళు నిచ్చెన వేసుకుని ఎక్కి, రంగు డబ్బాతో బోర్డు మీది అక్షరాలు మార్చి, ప్రకటన తన గుట్టు తానే చెప్పుకునేటట్టు చేసేవారు. వాళ్ళలో డాక్టర్లు కూడా ఉన్నారు. మన విక్టోరియా 1987లో పొగాకు మీద పన్ను డబ్బుతో విక్‌హెల్త్ సంస్థని పెట్టి, ఆటలకి సిగరెట్ కంపెనీలు ఇచ్చే సొమ్ముకి బదులు తానే ఇచ్చింది. 2012 డిసెంబరు 1 నుంచి ప్రపంచంలో మొదటిసారిగా సిగరెట్ పెట్టెల మీద రంగులూ గుర్తులూ తీసేసి, అన్నిటికీ ఒకే బురద రంగు పెట్టించారు. పెట్టె కూడా ప్రకటనే అని ఒక దేశం ఒప్పుకుందన్నమాట.

ఆ పొగ మళ్ళీ మామిడిపండు వాసనతో తిరిగొచ్చింది. ఆకర్షించే రంగుల్లో, పెన్సిల్ డబ్బాలో దాచుకునే సైజులో. 2024 జనవరి 1 నుంచి వాడి పారేసే వేప్‌ల దిగుమతి ఆపేశారు. అదే ఏడాది జూలై నుంచి వేప్‌లు మందుల షాపుల్లో తప్ప బయట అమ్మకూడదన్నారు. దొంగచాటుగా దొరుకుతూనే ఉంటాయి. అందుకని పిల్లల్ని ఒకటే అడుగుతాను: "సిగరెట్ మానాలనుకునే యాభై ఏళ్ళ ఆయనకి బబుల్‌గమ్ రుచి ఎందుకు?" ఎవరి కోసం చేశారో వాళ్ళకే అర్థమవుతుంది.

పందేల సంగతి ఇంకో రకం. క్రికెట్టో ఫుట్‌బాలో చూస్తుంటే బెట్టింగు ప్రకటన రాకుండా ఉండదు. 2018 నుంచి ఉదయం 5 గంటల మొదలు రాత్రి 8:30 దాకా ప్రత్యక్ష ప్రసారాల్లో వాటిని ఆపినా, ఆ గీతకి అవతల అవి కనపడ్డాయి. ఆన్‌లైన్ జూదపు ప్రకటనలన్నీ మూడేళ్ళలో దశలవారీగా ఆపేయాలని 2023 జూన్‌లో పార్లమెంటు సంఘం ఒకటి సిఫారసు చేసింది. మీ ఇంట్లో మ్యాచ్ చూస్తున్నప్పుడు పిల్లలకి కాగితం ఇచ్చి, పందెం అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టమనండి. "ఈ ప్రకటనల డబ్బు ఎక్కడిది? గెలిచినవాళ్ళదా, ఓడినవాళ్ళదా?" అని అడగండి.

2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ళలోపు పిల్లలకి సోషల్ మీడియా ఖాతాలు ఉండనివ్వకూడదనే చట్టం కూడా వచ్చింది. పాటించని కంపెనీలకి 4 కోట్ల 95 లక్షల డాలర్ల దాకా జరిమానా. పిల్లలకీ తల్లిదండ్రులకీ శిక్ష లేదు. నాకు మంచిదనే అనిపిస్తుంది. కానీ చట్టం వాయిదా మాత్రమే వేస్తుంది. పదహారో పుట్టినరోజు మర్నాడు ఆ తలుపు తెరుచుకుంటుంది. అప్పటికి పిల్లకి ప్రశ్న వెయ్యడం వచ్చి ఉండాలి.

మరి మనమో?

ఇక్కడిదాకా రాసి ఆపేస్తే నేను నిజం దాచినట్టే.

ఆ బూట్ల గొడవ జరిగిన 2010లోనే మా ఇంట్లో ఇంకో ఖర్చు నడుస్తోంది. 2011లో వెరిబీలో సుజాన్ కోరీ హైస్కూలు తెరుస్తున్నారు. పరీక్ష రాసి చేరవలసిన సెలెక్టివ్ బడి. మనవాళ్ళ పిల్లలందరూ కోచింగుకి వెళ్తున్నారు. మావాణ్ణీ పంపాం. శని, ఆదివారాలు. డబ్బు ఎంతయిందో రాయను గానీ, చాలా జతల బూట్లు వచ్చేవి. వాడికి ఆ చదువు నచ్చుతోందా, ఆ కోచింగు ప్రకటనలో ఎంతమందికి సీట్లు రాలేదో చెప్పారా అని ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. వాడికి సీటు రాలేదు. వాడు ఆడే క్రికెట్ టీములో చోటు కూడా పోయింది, శనివారాలు వెళ్ళలేదు కనక.

తరవాతెప్పుడో మావారితో మాట్లాడుతుంటే పక్క గదిలోంచి వాడే అన్నాడు, "అందరూ చేర్పిస్తున్నారని మీరే అన్నారు కదా నాన్నా" అని. అందరికీ ఉంది, నాకే లేదు అన్నదానికీ, అందరూ చేర్పిస్తున్నారు అన్నదానికీ తేడా ఏమిటో ఆయనా నేనూ చెప్పలేకపోయాం.

మనం అంతే. నలుగురూ నాలుగు గదుల ఇల్లు కొంటే మనం అయిదు గదులది చూస్తాం. ఓణీల ఫంక్షనుకి హాలు ఎంత పెద్దదని చూస్తాం. 1975లో హిందుస్తాన్ లీవర్ ఫెయిర్ అండ్ లవ్లీ తెచ్చింది. తెల్లగా ఉంటేనే పెళ్ళి, ఉద్యోగం అని చెప్పే ప్రకటనలు చూస్తూ మా తరం పెరిగింది. 2020లో గ్లో అండ్ లవ్లీ అని పేరు మార్చారు. ఇక్కడ పుట్టిన అమ్మాయిని ఎండలోకి వెళ్ళకే, నల్లబడతావు అంటున్న తల్లి నోట్లోంచి వినపడేది ఆ ప్రకటనే, పేరు మార్చినా. పిల్లలు మన ఉపన్యాసాలు వినరు గానీ, మన మాటలు అన్నీ వింటారు.

గుంపు చెడ్డదని కూడా నేననను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు, చదువుకున్న పాఠాల గురించి మాట్లాడుకుంటూ సారా గురించి ప్రశ్నలు వేసుకున్నారు. మన కూలి డబ్బులు ఎటు పోతున్నాయి అని. ఒక్కొక్కరుగా అడగలేనిది కలిసి అడిగారు. అది ఊరూరికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సారా అమ్మకం ఆపేయవలసి వచ్చింది. నలుగురు కలిస్తే తప్పు జవాబు చెప్పించగలరు, సరైన ప్రశ్న అడిగించనూ గలరు. మా తెలుగు బడి పిల్లలకి ఈ కథ చెప్పినప్పుడు, వాళ్ళ అమ్మమ్మల ఊళ్ళ దగ్గర ఇలా జరిగిందా అని నోళ్ళు తెరుచుకుని విన్నారు.

బూట్ల సంగతి చెప్పడం మరిచాను. కొనలేదు. మాట్లాడుకుని సగం డబ్బు నేనిస్తాననీ, సగం వాడు పేపర్లు వేసి సంపాదించాలనీ ఒప్పందం చేసుకున్నాం. 110 డాలర్లు కూడేసరికి మూడు నెలలు పట్టింది. అప్పటికి వాడే వద్దన్నాడు. ఈ మూడు నెలల్లో వేరే బల్ల దగ్గర చోటు దొరికిందట, అక్కడ బూట్లు ఎవరూ చూడరట. నా పాఠం వల్ల జరిగిందని చెప్పుకోవాలనుంది గానీ, కాదు. మూడు నెలల వ్యవధి వల్లా, ఒక్క స్నేహితుడి వల్లా జరిగింది.

వాడిప్పుడు పెద్దవాడయ్యాడు, ఉద్యోగం చేసుకుంటున్నాడు. మొన్న నాకు వాట్సాప్‌లో ఎవరో పంపిన స్థలాల ప్రకటన ఉత్సాహంగా చూపించాను. అమరావతి దగ్గర, మన సంఘంలో చాలామంది కొంటున్నారు అన్నాను. వాడు ఫోను తీసుకుని కాసేపు చదివాడు.

"అమ్మా, దీన్ని తెలుగులో చెప్పు" అన్నాడు.